లినక్స్‌లో ఫైళ్ల తొలగింపు: పేరు, ప్రతి

తాళపత్రాల ఛాయాచిత్రాలు, పరిష్కృత పాఠాలు నేడు కంప్యూటర్ ఫైళ్లుగా భద్రమవుతున్నాయి. అందువల్ల తొలగింపు విధానం పరిశోధకులకు తెలియవలసిన విషయం. లినక్స్ కమాండ్ లైన్‌లో ఇందుకు వాడే ఆదేశం ‘ఆర్‌ఎమ్’. ఇది ఫైలును చెత్తబుట్టకు పంపదు. ఫోల్డరులో నమోదైన పేరును తీసివేస్తుంది. ఒకే ఫైలుకు రెండు పేర్లుంటే ఒకటి పోయినా రెండవ పేరుతో పాఠం లభిస్తుంది. చివరి పేరు పోయి, ఆ ఫైలును తెరిచి ఉంచిన ప్రోగ్రాములన్నీ దానిని మూసినప్పుడే ఆ స్థలం కొత్త సమాచారానికి ఖాళీ అవుతుంది. ఆపై పాత పాఠాన్ని తిరిగి పొందడం దుస్సాధ్యం.

ఈ ఆదేశంలో పదాలను వేరుచేసేది ఖాళీ. ఏ అక్షరాలకైనా ప్రతినిధి నక్షత్రపు గుర్తు. ‘పాత’ అని మొదలయ్యే ఫైళ్లను తొలగించడానికి ‘ఆర్‌ఎమ్ పాత*’ అని రాయాలి. పొరపాటున నక్షత్రానికి ముందు ఖాళీ పడితే ‘పాత’ ఒక పేరుగా, నక్షత్రం వేరొక పదంగా గ్రహింపబడతాయి. అప్పుడు, చుక్కతో మొదలయ్యే పేర్లు మినహా, ఆ ఫోల్డరులోని ఫైళ్లన్నీ తొలగిపోతాయి. సమాసాన్ని విడదీస్తే అర్థం మారడం వంటిదే ఇది.

కనుక ముందుగా అదే నమూనాను ‘ఎల్‌ఎస్’ ఆదేశంతో పరిశీలించాలి. ‘ఆర్‌ఎమ్ -ఐ’ అని రాస్తే ప్రతి ఫైలుకూ అనుమతి అడుగుతుంది. అయితే అసలైన రక్షణ వేరొక డిస్కులోని ప్రతి మాత్రమే. రెండవ పేరు రెండవ ప్రతి కాదు.