గేర్ రాడ్ గలగలమంటే ఏం చెబుతారు?

1966 నాటి ఇటాలియన్ స్పోర్ట్స్ కారు. ఇంజిన్ 2,400 ఆర్‌పీఎంకు రాగానే గేర్ రాడ్ గలగలమని కొట్టుకుంటుంది. 3,000 దాటితే మాయం. ఎక్కడ మొదలుపెడతారు?

మెకానికల్, ఆటోమొబైల్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న వేస్తే కొందరు వెంటనే ‘గేర్‌బాక్స్ దించి చూస్తా సార్’ అనేస్తారు. ఇంకొందరు ‘ఆ కారు ఎప్పుడూ చూడలేదు సార్’ అని చేతులెత్తేస్తారు. పాచిపెంటలో పుట్టి పెరిగిన కుర్రాడు ఆ కారును చూసి ఉంటాడని ప్యానెల్ కూడా అనుకోదు. చెడిపోయిన భాగం పేరు వాళ్లకు అక్కర్లేదు. ఏది కాదో ఒక్కొక్కటిగా ఎలా తేలుస్తారన్నదే చూస్తారు.

మొదటి పరికరం మీ అరచెయ్యే

గలగల రావాలంటే రెండు ఉండాలి. ఎక్కడో వదులు, దాన్ని కదిపే వణుకు. మన మెకానిక్‌లు వదులును ‘ప్లే’ అంటారు. శబ్దం వస్తున్నప్పుడు గేర్ రాడ్ తలను అరచేత్తో మెల్లగా పట్టుకోండి. టక్కున ఆగిపోతే వదులు రాడ్‌లోనో దాని కింది కీలులోనో ఉండే అవకాశం ఎక్కువ. పట్టుకున్నా లోపల్నుంచి కరకరమంటుంటే ఇంకా కిందికి వెళ్లాలి. ఖర్చు లేని పరీక్ష ఇది. అయినా దీన్ని వదిలేసి నేరుగా స్పానర్ తీసేవాళ్లే ఎక్కువ.

ఇక వణుకు లెక్క. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ ఒక్కసారి తిరిగితే రెండు సిలిండర్లు పేలతాయి. 2,400 ఆర్‌పీఎం అంటే సెకనుకు 40 చుట్లు, 80 పేలుళ్లు. అంటే 80 హెర్ట్జ్. సెకండియర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన రెజొనెన్స్ ఇక్కడ పనికొస్తుంది. గేర్ రాడ్, దాని తలకున్న బరువు, కింద రబ్బరు కలిసి ఒక స్ప్రింగ్-మాస్ సిస్టమ్. దాని సహజ పౌనఃపున్యం 80 దగ్గరుంటే ఆ వేగంలోనే ఊగుతుంది, దాటితే సర్దుకుంటుంది.

1966లో ట్యూరిన్ మోటార్ షోలో వచ్చిన ఫియట్ 124 స్పైడర్‌నే తీసుకోండి. బాడీ డిజైన్ పినిన్‌ఫరీనాది. ట్విన్‌క్యామ్ ఇంజిన్ రూపకర్త, అంతకుముందు ఫెరారీలో పనిచేసిన ఔరేలియో లాంప్రెడీ. ఇంత ఘనమైన కారులో గేర్ రాడ్ మాత్రం రెండు ముక్కలు. కింది ముక్క గేర్‌బాక్స్‌లోకి దిగుతుంది. పై ముక్క దాని మీద రబ్బరు బుష్‌ల సాయంతో కూర్చుంటుంది. గేర్‌బాక్స్ వణుకు చేతికి రాకూడదనే ఆ రబ్బరు. ఏళ్లు గడిచేకొద్దీ అది గట్టిపడుతుంది, పగులుతుంది. అప్పుడు లోహం లోహాన్ని తాకుతుంది. చాలాసార్లు దొంగ ఇక్కడే దొరుకుతాడు. అందుకే గేర్‌బాక్స్ దించుతానన్న జవాబు వినగానే ప్యానెల్ మొహం మారిపోతుంది.

అయినా బుష్ అని ముందే తేల్చేయకండి. బండి ఆపి, న్యూట్రల్‌లో ఉంచి 2,400కు పెంచండి. శబ్దం వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను అనుమానితుల జాబితా నుంచి తీసేయొచ్చు, ఎందుకంటే అది తిరగడం లేదు. తర్వాత క్లచ్ తొక్కండి. తొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ లోపలి పళ్ల చప్పుడు కావచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు రాడ్ పక్కకు జరిగితే ఇంజిన్, గేర్‌బాక్స్ మౌంటింగ్‌లు చూడాలి. ఒకే ఒక్క గేర్‌లో వస్తే లోపలి సెలెక్టర్ ఫోర్క్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

అదే పరీక్ష, అబద్ధం చెబుతుంది

నాకు బాగా నచ్చే మెలిక ఇక్కడుంది. 1972లో వచ్చిన ఆల్ఫా రోమియో అల్ఫెట్టాలో బరువు సమంగా ఉండాలని గేర్‌బాక్స్‌ను, క్లచ్‌ను తీసుకెళ్లి వెనక చక్రాల దగ్గర పెట్టారు. కాబట్టి ఇంజిన్ తిరిగినంతసేపూ ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరుగుతూనే ఉంటుంది. న్యూట్రల్‌లో ఉన్నా, క్లచ్ తొక్కినా సరే. ఫియట్‌లో షాఫ్ట్‌ను నిర్దోషిగా తేల్చిన పరీక్ష ఈ కారులో ఏమీ తేల్చదు. పైగా ఆ షాఫ్ట్‌కు రబ్బరు కప్లింగ్‌లు ఉంటాయి. అవి అరిగితే వణుకు బండంతా పాకుతుంది. గేర్ రాడ్ నుంచి వెనక దాకా పొడవాటి లింకేజీ కూడా ఉంటుంది. అందుకే ఇంటర్వ్యూలో ‘సార్, ఈ కారులో గేర్‌బాక్స్ ముందుందా, వెనకుందా?’ అని ఎదురు ప్రశ్న వేయండి. తెలియక అడిగారని ఎవరూ అనుకోరు.

పొడవాటి లింకేజీ అంటే మన దేశంలో పద్మిని గుర్తురావాలి. ఫియట్ 1100 డిజైన్‌తో ముంబయి కుర్లాలో ప్రీమియర్ సంస్థ తయారుచేసిన కారు. గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉండేది, గేర్‌బాక్స్ ఎక్కడో కింద. మధ్యలో కీళ్లు. ఒక్కో కీలులో అర మిల్లీమీటరు ప్లే ఉందనుకుంటే ఆరు కీళ్లకు 3 మిల్లీమీటర్లు. పాత బండిలో గేర్ ‘వెతుక్కోవాల్సి’ వచ్చేదంటే మరి రాదా?

ఘాట్ రోడ్డే ల్యాబ్

ఇటలీ కారు దొరక్కపోతే నష్టమేమీ లేదు. పాత జీపుల్లో గేర్ రాడ్ నేరుగా గేర్‌బాక్స్ మీదనుంచే లేస్తుంది, ఫియట్ స్పైడర్‌లో లాగే. పాచిపెంట మండలంలో పి.కోనవలస ఘాట్ ఎక్కి కొరాపుట్ వైపు వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి ఉంది కదా. ఎక్కేటప్పుడు ఇంజిన్ లాగుతుంది, దిగేటప్పుడు బండే ఇంజిన్‌ను తోస్తుంది. లోడ్, ఓవర్‌రన్ అని పుస్తకాల్లో చదివే రెండు స్థితులూ ఒకే ట్రిప్పులో దొరుకుతాయి. డ్రైవర్ పక్కన కూర్చుని శబ్దం ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా అని రాసుకుంటే చాలు. ఒక్క జాగ్రత్త. దిగుడులో న్యూట్రల్ పరీక్ష చేయించొద్దు. ఇంజిన్ బ్రేకింగ్ పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. అది చదునైన చోట, బండి ఆపి చేయాల్సిన పని.

లారీలకు పేరుపడ్డ సాలూరు పక్కనే ఉంది. అక్కడి గ్యారేజీల్లో వారం రోజులు నిలబడితే యూజే క్రాస్ అరిగిన చప్పుడుకీ, మౌంటింగ్ జారిన చప్పుడుకీ తేడా చెవికి పడుతుంది. ఏ ఆన్‌లైన్ కోర్సూ ఆ తేడా వినిపించలేదని నా గట్టి నమ్మకం.

ఫోన్‌నూ వాడుకోండి. జర్మనీలోని ఆకెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ శబ్దంలో ఏ పౌనఃపున్యం ఉందో గ్రాఫ్ గీసి చూపిస్తుంది. వణుకు కొలిచే సెన్సర్‌తో మాత్రం జాగ్రత్త. అది సెకనుకు 100 నమూనాలే తీసుకునే రకమైతే 50 హెర్ట్జ్ దాటినదాన్ని సరిగా చూపలేదు. మన 80 హెర్ట్జ్ అక్కడ 20లా కనిపించి మోసం చేస్తుంది. మైక్‌కు ఆ ఇబ్బంది లేదు.

ఈ పనికి పరిశ్రమలో ఎన్‌వీహెచ్ అని పేరు. నాయిస్, వైబ్రేషన్, హార్ష్‌నెస్. పుణెలోని ఏఆర్ఏఐలో దీనికి ప్రత్యేక ల్యాబ్ ఉంది. కార్ల కంపెనీల డిజైన్ కేంద్రాల్లోనూ, వారంటీ విభాగాల్లోనూ ఈ నైపుణ్యం అడుగుతారు. విద్యుత్ కార్లు వచ్చాక ఈ పని పోతుందనుకుంటే పొరపాటు. ఇంజిన్ హోరు లేకపోయేసరికి డాష్‌బోర్డు క్లిప్ కదిలినా వినిపిస్తుంది.

రెజ్యూమెలో ‘ఆటోమొబైల్స్ అంటే ఆసక్తి’ అని రాసే చోట ఒక జీపు కథ రాయండి. ఏ గేర్, ఎంత ఆర్‌పీఎం, ఎక్కుడా దిగుడా, ఏ పరీక్షతో దేన్ని కొట్టేశారు, చివరికి ఏం మార్చారు. మార్చాక అదే రోడ్డు మీద, అదే గేర్‌లో, అదే వేగంతో మళ్లీ వెళ్లి చూశారా అన్నది తప్పక ఉండాలి. గలగల ఇంకా ఉంటే ఆ బుష్ పేరు కొట్టేసి, జాబితాలో తర్వాతి పేరు దగ్గరకు వెళ్లండి.