చిన్న కారులో నెల్లూరు దాకా

పండగ దగ్గరపడుతోందంటే చాలు, మనలిలో మా వీధి కార్ల నెత్తిన క్యారియర్లు మొలుస్తాయి. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ప్రయాణాలు మరి. మాది 1999 నాటి మారుతి 800. పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ నెట్టుకొస్తున్నాం. మొన్న మా అల్లుడు, "మామయ్యా, హైవే మీద ఈ బండి ఊగుతుంది కదా, నానమ్మగారిని ఇందులో తీసుకెళ్లడం మంచిదేనా?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. ఊగడం నిజం. అయితే ఎక్కడ ఊగుతుందో, ఎందుకు ఊగుతుందో తెలిస్తే, దేనికి భయపడాలో దేనికి అక్కర్లేదో కూడా తేలుతుంది.

ఈ బండి వెడల్పు 1.44 మీటర్లు. బరువు 650 కిలోలు. చక్రాలు పన్నెండు అంగుళాలవి. ఇంత సన్నగా ఎందుకు చేశారంటే, దీని వంశం జపాన్‌ది. అక్కడ పన్ను తగ్గింపు దొరికే చిన్న కార్ల తరగతి ఒకటుంది. 1990 దాకా ఆ తరగతిలో కారు వెడల్పు 1.40 మీటర్లు దాటకూడదని చట్టం. మన దేశానికి వచ్చేటప్పుడు కాస్త ఒళ్లు చేసిందంతే! ఇంకో సంగతి: 2000 సంవత్సరం దాకా జపాన్‌లో ఎక్స్‌ప్రెస్ రోడ్ల మీద ఈ తరగతి కార్లకు గంటకు 80 కిలోమీటర్లే హద్దు, పెద్ద కార్లకు 100. ఆ 80 అంకెను మా ఇంట్లో ఇప్పటికీ పాటిస్తాం.

ఊగడం మనలిలోనే మొదలవుతుంది, అదీ నలభై వేగంలో. కంటైనర్ ట్రైలర్లు రేయింబవళ్లు తిరిగే రోడ్లు కనుక తారు మీద రెండు గాడులు పడి ఉంటాయి. లారీ చక్రాల మధ్య దూరం మన చక్రాల మధ్య దూరం కంటే చాలా ఎక్కువ. 800కి అది సుమారు 1.2 మీటర్లే. అంచేత ఒక చక్రం గాడిలోకి దిగితే రెండోది గట్టు మీదే ఉండిపోతుంది. బండి ఒక పక్కకు ఒరిగి, స్టీరింగును తనవైపు లాక్కుంటుంది. దానితో కుస్తీ పట్టకూడదు. రెండు గాడుల మధ్యనున్న గట్టు మీద నడిపిస్తే సరిపోతుంది. ఆ పని సన్న కారే చేయగలదు.

మాధవరం మీదుగా రెడ్‌హిల్స్ దాటి, కారనోడై దగ్గర కొసస్థలై నది వంతెన ఎక్కగానే అసలు విషయం తెలుస్తుంది. అది గాలి. మన హైవే తీరం వెంబడి ఉత్తరంగా పోతుంది. వేసవి మధ్యాహ్నం సముద్రపు గాలి తూర్పు నుంచి వచ్చినా, జూన్, జూలైల్లో పడమటి గాలి వచ్చినా మనకు తగిలేది పక్క నుంచే. బరువు తక్కువ, ముందు వెనక చక్రాల మధ్య దూరం కూడా తక్కువ కనుక ముక్కు చటుక్కున తిరుగుతుంది. డివైడర్లో గన్నేరు చెట్లు గుబురుగా ఉన్నచోట తూర్పుగాలి కొంత ఆగుతుంది. చెట్లు లేనిచోట ఒక్కసారిగా తోస్తుంది. వంతెనల మీద ఏ అడ్డూ ఉండదు. సూళ్లూరుపేట దగ్గర కాళంగి, నాయుడుపేట దగ్గర స్వర్ణముఖి, చివర నెల్లూరు పెన్న, ఈ మూడింటి దగ్గరా ఎక్కేముందే వేగం తగ్గించి రెండు చేతులూ స్టీరింగు మీద పెడతాను.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసింది కంటైనర్‌ను దాటేటప్పుడు. దాని పక్కన ఉన్నంతసేపూ ఎడమ నుంచి వచ్చే గాలికి అది గోడలాగా అడ్డుంటుంది, బండి హాయిగా పోతుంది. దాని ముక్కు దాటగానే లారీ ముందుకు తోసుకొచ్చే గాలి, ఆగిపోయిన పక్కగాలి రెండూ కలిసి మనల్ని కుడికి, డివైడర్ వైపు నెడతాయి. వెళ్లేటప్పుడు పడమటి గాలితో, తిరిగివచ్చేటప్పుడు సముద్రపు గాలితో ఇదే జరుగుతుంది. తెలియనివాళ్లు గాభరాపడి స్టీరింగు ఎడమకు గట్టిగా తిప్పుతారు. గాలి తగ్గినా తిప్పుడు మిగిలిపోతుంది, అదీ ప్రమాదం! కొంచెం తిప్పి పట్టుకుంటే చాలు. లేను ఒక్కోటి 3.5 మీటర్లు. మధ్యలో నడిపితే మనకు రెండు పక్కలా మీటరు చొప్పున మిగులుతుంది. పెద్ద కార్లకు అంత జాగా ఉండదు. (లారీలవాళ్లు కుడి లేను వదిలితే కదా ఇదంతా, అంటారా? అది వేరే వ్యాసం.)

వెడల్పు ఒక్కటే లెక్క కాదు. పాత ప్రీమియర్ పద్మిని వెడల్పు దాదాపు 1.46 మీటర్లే. కానీ బరువు 800 కంటే చాలా ఎక్కువ, అంచేత గాలికి అంత తేలిగ్గా లొంగేది కాదు. ఓమ్ని వ్యాను వెడల్పు 1.41, ఎత్తు 1.64. పక్కలు పలకల్లా చదును. గాలికి తెరచాపే అనుకోండి. 2009లో రోడ్డెక్కి 2018లో ఆగిపోయిన నానో కూడా ఎత్తరే. ఇంజను వెనక ఉండటంతో ముందు భాగం తేలిక. దానికి ముందు టైర్లు వెనక టైర్లకంటే సన్నగా ఇచ్చారు. మలుపులో వెనక భాగం జారిపోకుండా ఉండటానికి అదొక ఉపాయం.

ఇక మన చేతిలో ఉన్నది లోడు. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే బండి బరువులో మూడోవంతుకు పైగా అదనంగా చేరినట్టు. క్యారియర్ మీద సూట్‌కేసులు కడితే బరువు పైకి చేరి, సన్న కారు మలుపులో ఇంకా ఒరుగుతుంది, గాలి కూడా ఎక్కువ పడుతుంది. అందుకే మా బండికి క్యారియర్ లేదు. ఊరి నుంచి తెచ్చే బియ్యం బస్తా డిక్కీలో కాకుండా వెనక సీటు ముందు, కాళ్ల దగ్గర వేస్తాం. డిక్కీలో వేస్తే వెనక కుంగి, ముందు చక్రాల పట్టు తగ్గి, స్టీరింగు గాలిలో ఉన్నట్టు తేలిపోతుంది. లోడును బట్టి టైర్ల గాలి ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. బయల్దేరేముందు చల్లటి టైరులోనే కొలిపించాలి.

ఇవన్నీ చేస్తే బండి నిలకడగానే పోతుంది. అల్లుడి ప్రశ్నకు మాత్రం అది సగం జవాబే. గుద్దుకుంటే ఏమిటన్నది మిగతా సగం. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు ఆల్టో 800, నానో సహా మన దేశంలో అమ్ముతున్న ఐదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూశారు. పెద్దల రక్షణకు ఐదింటికీ ఒక్క నక్షత్రమైనా రాలేదు. వాటికంటే పాత బండి మాది. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. ఎంత నేర్పుగా నడిపినా ఎదుటివాడి నేర్పు మన చేతిలో ఉండదు. అంచేత మా అమ్మ, మనవరాలు ఇప్పుడు అల్లుడి కొత్త కారులోనే వస్తారు. అమ్మ ఒకరోజు అలిగింది, తర్వాత ఏసీకి అలవాటు పడిపోయింది.

800లో నేను, మా ఆవిడ, బియ్యం బస్తా. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరతాం. ఆ వేళకు సముద్రపు గాలి ఉండదు. భోగినాడు మాత్రం అప్పుడు కదలం, మంటల పొగ, మంచు కలిసి ముందు ఏమీ కనబడదు. మిగతా రోజుల్లో 80 దాటకుండా పోయినా ఆరున్నరకల్లా నాయుడుపేటలో ఇడ్లీ తింటూ ఉంటాం. అల్లుడి కారు వచ్చేది ఏడింటికి.