ఒకే విమానం, రెండు పేర్లు

1999 ఆగస్టు 10న రాణ్ ఆఫ్ కచ్ చిత్తడి ప్రాంతంపై మన వైమానిక దళానికి చెందిన మిగ్-21, పాకిస్థాన్ నౌకాదళ విమానం అట్లాంటిక్‌ను కూల్చివేసింది. అందులోని 16 మందీ మరణించారు. కార్గిల్ పోరు ముగిసి అప్పటికి 15 రోజులే. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ విమానాన్ని ఏమని పిలవాలన్న దగ్గర మొదలయింది.

మన పత్రికలకు అది గూఢచారి విమానం. పాకిస్థాన్ పత్రికలకు అది నిరాయుధ శిక్షణ విమానం. మన వార్తలలో అది సరిహద్దు దాటి చొరబడింది. వారి వార్తలలో స్వదేశంలో ఎగురుతూ అకారణంగా బలయింది. పాశ్చాత్య పత్రికలు రెండు వాదాలనూ పక్కపక్కన పేర్చి, 1998లో అణుపరీక్షలు జరిపిన ఇరుగుపొరుగుల కయ్యంగా ఆ ఘటనను చిత్రించాయి. ఈ కయ్యం ఎందాకా పోతుందోనన్న ఆందోళనే వారి వార్తకు ఆయువుపట్టు.

ఇది దేశభక్తి ఒక్కదాని ఫలితమని నేననుకోను. వార్త వచ్చే దారిలోనే కిటుకు ఉంది. మరునాడు రెండు ప్రభుత్వాలూ తమ తమ విలేకరులను హెలికాప్టర్లలో సరిహద్దుకు తీసుకువెళ్లాయి. ఎవరి ఒడ్డున వారు నిలబడి ఎవరికి చూపినది వారు చూశారు. తొలి పేరు ప్రభుత్వ ప్రతినిధి నోట వచ్చింది. అదే శీర్షికకు ఎక్కింది.

ఉభయదేశాల మధ్య 1991 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందం ఒకటుంది. నిఘా విమానాలతో సహా యుద్ధవిమానాలేవీ పొరుగుదేశపు గగనతలానికి 10 కిలోమీటర్ల లోపుకు రాకూడదని అది చెబుతుంది. పొరపాటున ఉల్లంఘన జరిగితే వెంటనే విచారించి, ఫలితాన్ని దౌత్యమార్గంలో అవతలివారికి తెలపాలని కూడా అదే ఒప్పందం చెబుతుంది. మొదటి నిబంధన పాకిస్థాన్‌ను ఇరుకున పెడుతుంది; రెండవది మనను ఆలోచింపజేస్తుంది. రెంటినీ కలిపి చదివినవారికి ఏ రాజధాని శీర్షికా పూర్తిగా మింగుడుపడదు.

పార్లమెంటు వార్తలు రాసేవాడిగా నాకు మరొక సంగతి ముఖ్యంగా తోస్తుంది. ఆనాడు లోక్‌సభ లేదు, ఏప్రిల్‌లోనే రద్దయింది. ఎన్నికలు ముంగిట ఉన్నాయి. ప్రభుత్వాన్ని నిలదీసి అడిగే సభ లేనప్పుడు ఆ భారం పత్రికలదే. ఆ భారాన్ని సరిహద్దుకు ఇరువైపులా పత్రికలు తేలికగానే దించుకున్నాయి.

పాకిస్థాన్ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. కామన్వెల్త్ దేశాల మధ్య తగాదాలకు ఆ న్యాయస్థానం పరిధి వర్తించదంటూ మనదేశం ముందే పెట్టుకున్న మినహాయింపు నిలిచింది. తనకు విచారణాధికారం లేదని 2000 జూన్ 21న న్యాయస్థానం 14-2 ఆధిక్యంతో తేల్చింది. విమానం ఎక్కడ ఉంది, ఎందుకు వచ్చింది అన్న ప్రశ్నల జోలికే పోలేదు.

న్యాయస్థానం విచారించని చోట పత్రికా శీర్షికే తీర్పుగా మిగిలిపోతుంది. ఢిల్లీలో ఒక తీర్పు, ఇస్లామాబాదులో మరొకటి. సరిహద్దులో మళ్లీ ఏదైనా జరిగి మరునాటి పత్రిక చేతికి వచ్చినప్పుడు పాఠకులు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: కూలినది మన విమానమే అయితే ఇదే మాట రాసేవారా?