బురదలోని బతుకు, వరి మీది నింద

నంద్యాలనుంచి ఆళ్లగడ్డ వైపు కె.సి. కాలువ కింద పారే వరిమళ్లను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. మొన్న ఆళ్లగడ్డలో టీకొట్టు దగ్గర ఒక కౌలురైతు అడిగాడు: "మా కయ్యల్లో పుట్టే గాలితోనే లోకం కాగిపోతాందంట, నిజమేనా సారూ?" ఆ ప్రశ్నలో శాస్త్రమూ ఉంది, న్యాయమూ ఉంది. రెండింటికీ సమాధానం చెప్పాలి.

నీరు నిలిచిన మడిలో కాలు పెడితే బుడగలు లేస్తాయి. వాటిలో మిథేన్ ఉంటుంది. ప్రాణవాయువు అందని బురదలో కుళ్లే మొదళ్లనుంచి, ఆకులనుంచి కొన్ని సూక్ష్మజీవులు దాన్ని పుట్టిస్తాయి. నూరేళ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువుకంటే సుమారు 28 రెట్లు భూతాపాన్ని పెంచుతుంది. ఇది కాదనలేని నిజం. అయితే పుట్టిన మిథేనంతా పైకి రాదు. దాన్నే తిని బతికే బాక్టీరియా కూడా ఆ బురదలోనే ఉంటాయి. వీటిని 1906లో హాలండు శాస్త్రజ్ఞుడు సోన్‌గెన్ వేరుచేసి చూపాడు.

వీటి జీవితంలో ఒక వైరుధ్యం ఉంది. మిథేన్ అణువును విడగొట్టడానికి మామూలుగా ప్రాణవాయువు కావాలి. ఆ బురద లోతుల్లో తిండి పుష్కలం, ఊపిరే కరువు. మరి ఎలా బతుకుతున్నాయి?

మొదటి మార్గం, వరివేళ్లను ఆశ్రయించడం. వరి తన కాడలోని గాలిగొట్టాల ద్వారా వేళ్లకు ప్రాణవాయువు పంపుకుంటుంది. వేళ్లనుంచి బయటికి జారే కొద్దిపాటి వాయువు చుట్టూ ఇవి చేరతాయి. రెండవది పొదుపు. ఉన్న కాస్త ప్రాణవాయువును మొదటి మెట్టుకే వాడి, తక్కిన పనిని పులియబెట్టే పద్ధతిలో సాగించే జాతి ఉన్నదని 2013లో తేలింది. అది వదిలే ఆమ్లాలు ఇతర జీవులకు ఆహారమవుతాయి. ఇంకో జాతి శ్వాసకు నైట్రేటును వాడుకుంటుంది. మూడవది అన్నిటికంటే ఆశ్చర్యకరం. నైట్రైటునుంచి నైట్రిక్ ఆక్సైడు చేసి, దాన్ని నత్రజనిగా, ప్రాణవాయువుగా విడగొట్టుకునే బాక్టీరియాను 2010లో వివరించారు. అంటే తన ఊపిరిని తానే తయారుచేసుకుంటుంది! ఇలా గాలి లేకుండా మిథేన్ తినే జీవుల సముదాయాన్ని 2006లో పెంచి చూపింది కూడా హాలండులోని ఒక కాలువ బురదనుంచే.

ఇక న్యాయం సంగతి. 1990లో అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ మన వరిపొలాలనుంచి ఏటా 3.7 కోట్ల టన్నుల పైచిలుకు మిథేన్ వస్తుందని అంచనా కట్టింది. 1991లో ఎ.పి. మిత్రా నాయకత్వాన మన శాస్త్రజ్ఞులు పొలాల్లోకి దిగి కొలిస్తే సుమారు 40 లక్షల టన్నులే తేలింది. పరాయి పొలాల కొలతలను మన నేలకు అంటగట్టిన ఫలితమిది. అదే ఏడాది అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ పొట్టకూటికోసం వెలువడే వాయువునూ విలాసంకోసం వెలువడే వాయువునూ ఒకే గాటన కట్టరాదని వాదించారు.

మడిని మధ్యమధ్య ఆరనిస్తే మిథేన్ తగ్గుతుంది. నేలలోకి గాలి చొరబడి, పుట్టించే జీవులను అణచి, తినే జీవులకు బలమిస్తుంది. కానీ మళ్లీ తడి కావలసిన రోజున నీరు వస్తుందన్న భరోసా ఉంటేనే రైతు మడి ఆరబెట్టగలడు. కాలువ చివరి ఆయకట్టులోని కౌలురైతుకు ఆ భరోసా ఎవరిచ్చారు?

"నీ కయ్యలో పుట్టేదీ నిజమే, అక్కడే దాన్ని తినేవి ఉన్నదీ నిజమే" అని అతనికి చెప్పాను. "ముందు కొలవాలి, తర్వాత నీళ్లివ్వాలి. నింద మాట అప్పుడు చూద్దాం."