బొంగరం ఎందుకు పడిపోదమ్మా?

జనవరి వచ్చిందంటే మా ఇంట్లో నుమాయిష్ గోల. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి వెళ్ళడం, మిర్చి బజ్జీలు తినడం, అవసరం లేని దుప్పటొకటి కొనుక్కుని కాళ్ళీడ్చుకుంటూ రావడం... పెళ్ళయినప్పట్నుంచీ ఇదే వరస. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పుడున్న చోటికి మారిన అంత పెద్ద సందడిలో మా ఆరేళ్ళ పాపకి నచ్చింది ఒక్కటే. ఏటికొప్పాక బొమ్మల దగ్గర గిర్రున తిరుగుతున్న లక్క బొంగరం.

"అమ్మా, ఇది ఎందుకు పడిపోవట్లేదు?"

"తిరుగుతోంది కదా, అందుకు."

"తిరిగితే ఎందుకు పడదు?"

"అబ్బ, నడువ్. మెట్రోలో జనం పెరిగిపోతారు" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. బొంగరమైతే కొన్నాను గానీ జవాబు నా దగ్గరుంటేగా!

నేను బి.ఎ. చదివాను. టెన్త్‌లో సైన్సు మార్కులు బాగానే వచ్చాయి. "ఆడపిల్లకి ఎంపీసీ ఎందుకు, ఆ ఫిజిక్సు దానివల్ల కాదు" అని పెద్దవాళ్ళు తేల్చేశారు. నేనూ గట్టిగా అడగలేదు. నుమాయిష్ నడిపే ఎగ్జిబిషన్ సొసైటీదే అక్కడి సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం. ఆడపిల్లల చదువుకి ఇంత పేరున్న చోట నా కూతురి నోరు నేనే మూయించానే అని రైలెక్కాక మనసు చివుక్కుమంది.

ఆ ఆదివారం అబిడ్స్ వెళ్ళాను. షాపులు మూసుంటే ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలే. హైస్కూలు ఫిజిక్స్ పుస్తకమొకటి బేరమాడి తీసుకున్నాను. పక్కన బొమ్మలాయన పాపని చూసి "గీ కిచెన్ సెట్ తీస్కోండమ్మా, మంచిగుంటది" అన్నాడు. బొమ్మ కారు చూపించమంటే "అది బాబులకమ్మా" అని నవ్వాడు. ఆయన్నని ఏం లాభం? ఇంట్లో బుట్టెడు గరిటెలూ స్టవ్వులూ ఉన్నాయి. అన్నీ నేను కొన్నవే. కారు తీసుకున్నాను.

అల్మరా అర ఒకటి ఊడదీసి, ఒక పక్క మూడు పుస్తకాలు ఎత్తు పెట్టి, కారుని పైనుంచి వదలమన్నాను. ఎంత దూరం వెళ్ళిందో పాప జానలతో కొలిచింది. నున్నటి గచ్చు మీద పద్నాలుగు జానలు. తువ్వాలు పరిస్తే నాలుగు. ఆ నుమాయిష్ దుప్పటి మీద రెండున్నర (ఇన్నాళ్ళకి అదీ పనికొచ్చింది). "కారుని ఎవరాపారు?" అనడిగాను. కాసేపు ఆలోచించి "తువ్వాలు పట్టుకుంది" అంది. ఘర్షణ అనే మాట నేనప్పుడే చెప్పలేదు. వారం తర్వాత చెప్పాను. అప్పటికి దానికి విషయం తెలుసు, పేరొక్కటే కొత్త.

ఆ ఘర్షణే లేకపోతే మా బొంగరానికి రంగే లేదు. అంకుడు కర్రని యంత్రానికి బిగించి గిరగిరా తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి అదిమిపెడతారు. రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. కుంచెతో పనే లేదు. 2017లో భౌగోళిక గుర్తింపు అందుకున్న ఏటికొప్పాక బొమ్మల నిగనిగ అలా వచ్చిందే. పాపని అరచేతులు గట్టిగా రుద్దుకుని బుగ్గలకి ఆనించుకోమన్నాను. "నేనూ లక్క బొమ్మనే" అంది.

ఇక నా పరువు పోయిన సంగతి. బరువైంది ముందు పడుతుందని చాలా ధీమాగా చెప్పాను. పాప ఒకేలాంటి రెండు ప్లాస్టిక్ సీసాలు తెచ్చి, ఒకదాంట్లో ఉప్పు నింపింది. మంచమెక్కి రెండూ ఒకేసారి వదిలింది. టప్! ఒకటే చప్పుడు. నాలుగుసార్లు చేసినా అంతే. "నువ్వు తప్పు చెప్పావు" అంది. పుస్తకం తెరిస్తే పాపదే కరెక్టు. కాగితం, ఈక లాంటివి మెల్లగా దిగేది గాలి అడ్డుపడి. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్, గాలి లేని చంద్రుడి మీద సుత్తినీ ఈకనీ ఒకేసారి వదిలితే రెండూ కలిసే నేలకి చేరాయి. అదే కాగితాన్ని ఉండ చుట్టి వదిలి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

మీరూ మొదలుపెట్టేటట్లయితే ఒక మాట. వదిలే ముందు "ఏమవుతుందనుకుంటున్నావ్?" అని పిల్లల్నే అడగండి. తప్పు చెబితే దిద్దకండి, బొమ్మే చెబుతుంది. మూడేళ్ళలోపు పిల్లలకి మాత్రం గోళీలూ, ఊడొచ్చే చక్రాలూ ఇవ్వొద్దు, నోట్లో పెట్టుకుంటారు.

నాంపల్లి స్టేషన్లో ఎంఎంటీఎస్ ఎక్కినప్పుడూ వదల్లేదు పాప. రైలు కదలగానే ఒళ్ళోంచి దించిన బంతి వెనక్కి దొర్లింది. "బంతి అక్కడే ఉందామనుకుంది, రైలే ముందుకెళ్ళింది" అంటే ఎదుటి సీటు పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని మరీ చూశాడు.

బొంగరానికి కూడా జవాబు దొరికింది. వేగంగా తిరిగే వస్తువు తన ఇరుసు నిలబడ్డ తీరుని అంత తేలిగ్గా మార్చుకోదు. రాపిడికి వేగం తగ్గేకొద్దీ తల ఊపుతూ ఊపుతూ ఒరిగిపోతుంది. నేనిది చెబుతుంటే మా అత్తయ్య వత్తులు చేసుకుంటూ విన్నారు.

"వేళ్ళతో తిప్పేదీ ఒక బొంగరమేనా? మా అన్నయ్య తాడు బొంగరం దొంగతనంగా తీసి పెరట్లో తిప్పేదాన్ని. ఒకసారి అమ్మ చూసి తాడు పొయ్యిలో పడేసింది" అన్నారు. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ మాట చెప్పడం అదే మొదలు. తర్వాత నెమ్మదిగా, "ఈసారి అబిడ్స్ వెళ్తే తాడుది దొరుకుతుందేమో చూడవే" అన్నారు.