మీకు తెలుసా? కాలము మఱచిన రౌటరు

గృహమందలి రౌటరునందే వీపీఎన్ నెలకొల్పినచో, స్వయముగా యాప్ నెక్కించుకొనజాలని టీవీ, ప్రింటరు మొదలగునవి సైతము ఒకే గుప్తమార్గమున సంచరింపగలవన్న సంగతి పెక్కుర యెఱుకలోనిదే. కాని కరెంటు పోయి వచ్చిన పిమ్మట ఆ మార్గము ఒక్కొక్కప్పుడేల మూతపడునో యెఱిగినవారు స్వల్పము.

2020 మార్చిలో వెలువడిన లినక్స్ కెర్నెల్ 5.6లో స్థానము సంపాదించిన వైర్‌గార్డు అను వీపీఎన్ పద్ధతి, పాత సందేశమును పట్టి మరల పంపు వంచకులను నివారించుటకై, సంబంధము నారంభించు ప్రతి సందేశమునందును కాలముద్ర నిముడ్చును. తాను కడపట చూచిన ముద్రకంటె తరువాతిది కానిదానిని ఆవలి సర్వరు నిర్దాక్షిణ్యముగా త్రోసిపుచ్చును. పెక్కు గృహరౌటర్లలో బ్యాటరీతో నడచు గడియారము లేదు. కావున విద్యుత్తు పోయి వచ్చినంతనే అవి గతించిన సమయమునే వర్తమానమని భ్రమించును. సరియైన సమయమును ఇంటర్నెట్టు నడిగి తెలిసికొందమన్న, ఆ ప్రశ్న సైతము మూతపడిన వీపీఎన్ గుండనే పోవలెనని యజమాని ముందే శాసించి యుండును! తాళపుచెవిని పెట్టెలోనుంచి పెట్టెకు తాళము వేసిన చందమిది.

ఉపాయము సులభమే: సమయమడుగు ఎన్‌టీపీ ప్రశ్నను మాత్రము వీపీఎన్ వెలుపల పోనిచ్చిన చాలును. ఐతే ఎన్‌టీపీ సర్వరును పేరుతో పేర్కొన్నవారు, ఆ పేరునకు చిరునామా తెలుపు డీఎన్‌ఎస్ ప్రశ్నకును అదే వెసులుబాటు నీయవలయును.