చుక్క ఎక్కడ పడిందో చూడండి

చార్మినార్ 17.3616 ఉత్తర అక్షాంశం మీద, 78.4747 తూర్పు రేఖాంశం మీద ఉంది. ఈ రెండు అంకెలనూ తారుమారు చేసి జీపీఎస్‌కి ఇచ్చి చూడండి. అది ఏ అభ్యంతరమూ చెప్పదు. చార్మినార్‌ని తీసుకెళ్లి ఉత్తర ధ్రువానికి సుమారు 1,300 కిలోమీటర్ల దూరంలో, నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో మంచుకొండల మధ్య పెడుతుంది. అలాంటి చోటు భూమ్మీద నిజంగానే ఉంది కాబట్టి యంత్రానికి అందులో తప్పేమీ కనిపించదు.

విదేశంలో కారు తిప్పాలనుకునేవాళ్లు గార్మిన్ లాంటి జీపీఎస్‌లో తమకు కావలసిన చోట్లను ముందే ఎక్కించుకుంటారు. వీటినే కస్టమ్ పీఓఐలు అంటారు. బంకులూ పెద్ద హోటళ్లూ కంపెనీవాళ్లే పెట్టి ఇస్తారు. అమ్మాయి వాళ్ల అపార్ట్‌మెంటు, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి, దారిలో శాకాహారం దొరికే చోటు, ఇండియన్ గ్రోసరీ కొట్టు, ఇవన్నీ ఒకేచోట వరసగా కావాలంటే మనమే ఎక్కించుకోవాలి. ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు అనొచ్చు. ఎల్లోస్టోన్ లాంటి నేషనల్ పార్కుల్లో చాలా మేర ఫోన్ సిగ్నల్ అందదు. జీపీఎస్‌కి ఇంటర్నెట్‌తో పని లేదు, ఆకాశం కనిపిస్తే చాలు.

పని కష్టమైనదేమీ కాదు. ఎక్సెల్‌లో జాబితా రాసి సీఎస్‌వీ ఫైలుగా సేవ్ చేస్తాం. గార్మిన్ ఉచితంగా ఇచ్చే పీఓఐ లోడర్ అనే ప్రోగ్రాం దాన్ని పరికరానికి అర్థమయ్యే ఫైలుగా మార్చి లోపల పెడుతుంది. తీరా అక్కడికి వెళ్లాక చోటు కనిపించకపోతేనో, ఎక్కడో కనిపిస్తేనో నింద పరికరం మీద పడుతుంది. చాలాసార్లు తప్పు మనం రాసిన ఫైలులోనే ఉంటుంది. చుక్క ఎక్కడ పడిందో మ్యాపు మీద చూస్తే అది ఏ రకం తప్పో తెలిసిపోతుంది.

చుక్క వేరే ఖండంలో తేలిందంటే రెండే అనుమానాలు. మొదటిది, పైన చెప్పిన తారుమారు. గూగుల్ మ్యాప్స్ అక్షాంశం ముందు ఇస్తుంది. పీఓఐ లోడర్‌కి సీఎస్‌వీలో రేఖాంశం ముందు కావాలి, తర్వాత అక్షాంశం, ఆపైన పేరు, చివర మన గమనిక. గూగుల్ నుంచి కాపీ చేసి అలాగే అతికిస్తే వరస తిరగబడుతుంది. న్యూయార్క్ స్టాచ్యూ ఆఫ్ లిబర్టీని ఇలా తిరగేస్తే అంటార్కిటికాలో తేలుతుంది. డాలస్‌ని తిరగేస్తే ఎక్కడా తేలదు. దాని రేఖాంశం 96 దాటింది, అక్షాంశం 90 దాటడానికి వీల్లేదు, కాబట్టి ఆ అంకె చెల్లదు.

రెండో అనుమానం మైనస్ గుర్తు. మన దేశమంతా భూమధ్యరేఖకు ఉత్తరాన, గ్రీనిచ్‌కి తూర్పున ఉండటంతో ఇక్కడి ఏ ఊరికీ మైనస్‌తో పని పడదు. అందుకే మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే అనుకుంటాను. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ రేఖాంశం -74.0445. మైనస్ వదిలేస్తే అమ్మవారి విగ్రహం కిర్గిజ్‌స్తాన్ కొండల్లో లేస్తుంది. సిడ్నీ ఒపెరా హౌస్‌కి మైనస్ అక్షాంశం ముందు ఉండాలి. అది పోతే జపాన్‌కి తూర్పున నడి సముద్రంలో పడుతుంది. ఇంత దూరం పోయిన చుక్కని ఇట్టే పట్టుకోవచ్చు. పట్టుకోలేనిది లండన్‌లో జరుగుతుంది. సున్నా రేఖాంశం ఆ ఊరి మధ్యగానే పోతుంది. బిగ్ బెన్‌కి మైనస్ వదిలేస్తే చుక్క సుమారు 17 కిలోమీటర్లు తూర్పుకి జరిగి థేమ్స్‌మీడ్ ప్రాంతంలో పడుతుంది. అదీ లండనే, పక్కనే థేమ్స్ నది కూడా ఉంటుంది. దిగి చూసేదాకా ఎవరికీ అనుమానం రాదు.

చుక్క సరైన ఊరి దరిదాపుల్లోనే ఉండి పదుల కిలోమీటర్లు తప్పితే నిమిషాల లెక్క చూడండి. 40 డిగ్రీల 41 నిమిషాలంటే 40.41 కాదు. 41ని 60తో భాగించాలి, అప్పుడు 40.683 వస్తుంది. ఈ ఒక్క పొరపాటుతో చోటు 30 కిలోమీటర్లు దక్షిణానికి జారుతుంది. కిలోమీటరు లోపు తేడా అయితే ఎక్సెల్ దశాంశాలను రెండింటికి కుదించిందేమో చూడాలి. అయిదు దశాంశాలుంటే మీటరు దాకా సరిపోతుంది, అంతకుమించి అక్కర్లేదు. కొన్ని వందల మీటర్లే తేడా ఉండి, అదీ అన్ని చుక్కలూ ఒకే దిక్కుకి జరిగి ఉంటే, అంకెలు వేరే కొలత పద్ధతిలో తీసిన మ్యాపు నుంచి వచ్చినట్టు. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్-84. సర్వే ఆఫ్ ఇండియా పాత మ్యాపులూ, జపాన్ పాత మ్యాపులూ వేరే లెక్కల మీద గీసినవి. చైనాలో ప్రభుత్వ నిబంధన ప్రకారం మ్యాపులను కావాలనే కొంత జరుపుతారు.

అసలు చుక్కే లేకపోతే? జర్మనీలో చదువుకునే అబ్బాయి జాబితా పంపాడనుకోండి. అక్కడ దశాంశానికి చుక్క బదులు కామా వాడతారు. 48.8584 అనేది 48,8584గా వస్తే, కామాతోనే గడులు విడదీసే సీఎస్‌వీ ఒక అంకెని రెండుగా కోసేస్తుంది. చోటు పేరులో కామా ఉన్నా ఇదే గతి. ఆ పేరుని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. ఈ తలనొప్పి వద్దనుకుంటే ఫైలుని జీపీఎక్స్ రూపంలో తయారుచేసుకోవడం మేలు. అందులో ఏది అక్షాంశమో ఏది రేఖాంశమో పేరు పెట్టి రాసి ఉంటుంది, తారుమారయ్యే అవకాశం తక్కువ. పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయండి. తెలుగు లిపి చాలా పరికరాల్లో ఖాళీ డబ్బాలుగా కనిపిస్తుంది.

నిన్న ఉన్నవి ఇవాళ మాయమయ్యాయంటే మాత్రం ఫైలుని అనుమానించక్కర్లేదు. పీఓఐ లోడర్ ఎక్కించిన ప్రతిసారీ పాత ఫైలుని చెరిపి కొత్తది రాస్తుంది. నిన్న గుళ్లూ, ఇవాళ హోటళ్లూ ఎక్కిస్తే మిగిలేవి హోటళ్లే. అన్ని జాబితాలనూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి ఒకేసారి ఎక్కించాలి. ఇంకో సంగతి, ఇవి సేవ్ చేసుకున్న చోట్ల జాబితాలో కనిపించవు. కస్టమ్ పీఓఐల కింద విడిగా వెతకాలి, మోడల్‌ని బట్టి ఆ మెనూ మారుతుంది. విజయవాడలో కూర్చుని వెతికితే పరికరం దగ్గరి చోట్లనే చూపిస్తుంది, అట్లాంటా గుడి అందులో రాదు. వెతికే ప్రాంతాన్ని ఆ ఊరికి మార్చి చూడండి. ఈ పరీక్ష బయల్దేరకముందే చేయాలి.

చుక్క వచ్చినా దారి రాకపోతే ఆ దేశపు మ్యాపు లోపల లేదన్నమాట. పీఓఐ వట్టి చుక్క, రోడ్లను వెంట తేదు. ఇండియాలో కొన్న పరికరంలో ఇండియా మ్యాపే ఉండొచ్చు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ నుంచి గార్మిన్ కోసం తయారుచేసిన మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి.

విమానం దిగి స్విచ్ వేయగానే పరికరం తానెక్కడుందో తేల్చుకోలేక తచ్చాడుతుంది. అది పాడవడం కాదు. ఏ ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే పూర్తి పట్టిక ఆకాశం నుంచి సెకనుకి 50 బిట్ల చొప్పున దిగుతుంది, మొత్తం రావడానికి 12.5 నిమిషాలు పడుతుంది. పార్కింగ్ భవనంలోంచి బయటికొచ్చి కాసేపు ఆరుబయట ఆగండి.

చివరిగా ఒక విచిత్రమైన ఫిర్యాదు: హోటల్ దగ్గరికి రాగానే జీపీఎస్ కీచుమంటుంది. పేరులో @ గుర్తు, దాని వెంట అంకె ఉంటే పీఓఐ లోడర్ దాన్ని వేగ పరిమితిగా చదువుకుంటుంది. స్పీడ్ కెమెరాల జాబితాల కోసం పెట్టిన ఏర్పాటు అది. ఆ జాబితాలు యూరప్‌లో ప్రమాదం. 2012 నుంచి ఫ్రాన్స్‌లో కెమెరా కచ్చితంగా ఎక్కడుందో చూపకూడదు. జర్మనీలో డ్రైవరు వాడకూడదు. స్విట్జర్లాండ్‌లో అలాంటి హెచ్చరికలున్న పరికరం వెంట ఉన్నా నేరమే. సరిహద్దు దాటేలోపు కెమెరాల ఫైలుని ఫోల్డర్ నుంచి తీసేసి మిగతావి మళ్లీ ఎక్కించండి. పాతదాన్ని చెరిపేసే ఆ లోడర్ గుణం ఈ ఒక్కచోట మనకి పనికొస్తుంది.